తాళమా? తోడా?

నెల్లూరు తీరంలో, ఇంట్లో నిలవలేక బయటపడ్డ ఆడవాళ్ళకు నీడనిచ్చే ఒక ఆశ్రమ గృహం ఉందనుకుందాం. దాన్ని నడిపే సూపరింటెండెంటు ఒకరు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో నిలబడి, ఇప్పటికీ పట్టపు జాలర్ల పాళేల్లో, యానాది గిరిజన కాలనీల్లో తిరుగుతున్న సంఘం మనిషి మరొకరు. ఇద్దరిదీ ఒకే పని, అయినా మాట కలవదు. ఈ మనుషులు కల్పితం. వాళ్ళ మాటల్లో వచ్చే చట్టాలు, పథకాలు, ఉద్యమం కల్పితం కావు. వాళ్ళ తగవు కూడా మన పల్లెల్లో అలాంటి ఇల్లు నడిపే ప్రతివారికీ ఎదురయ్యేదే.

సంఘం అక్క: ఒక మాట అడుగుతా చెల్లెమ్మా, ఏమనుకోబాక. మా కాలనీ పిల్ల దెబ్బలు తిని రాత్రిపూట మీ గేటు కాడికొస్తే ఆధార్ కార్డు ఉందా, పోలీసు కాగితం ఉందా అని అడిగినారంట. యానాదోళ్ళలో ఎంతమందికి కార్డులు ఉండాయో నీకు తెలవదా? ఒంటి మీది దెబ్బల కన్నా ఇంకేం కాగితం కావాలా?

సూపరింటెండెంటు: అడగొచ్చు అక్కా, కానీ అది లేదని తిప్పి పంపకూడదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, దాని నియమాలు 2006లో వచ్చాయి. గృహహింస రిపోర్టు ఇంకా నమోదు కాలేదన్న కారణంతో ఆశ్రయం నిరాకరించకూడదని ఆ నియమాల్లోనే ఉంది. తానెక్కడున్నదీ భర్తకు చెప్పొద్దని ఆమె కోరితే మేం చెప్పకూడదని కూడా ఉంది. ముందు లోపలికి తీసుకోవాలి, అన్నం పెట్టాలి, దెబ్బలకు వైద్యం చూడాలి. కాగితాలు తెల్లారాక. కానీ పేరూ ఊరూ రాసుకోకుండా ఎవరినీ ఉంచలేను. రేపు ఆమెకేదైనా అయితే, ఎవరామె అని అడిగితే, నా దగ్గర జవాబు ఉండాలి గదా.

అక్క: రాసుకో, వద్దన్లా. కానీ నీకు తెలిసిన నియమం గేటు కాడుండే మనిషికి తెలవకపోతే, అది పుస్తకంలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రాత్రి పదకొండుకు వచ్చే ఆడమనిషికి నువ్వు కనపడవు. చట్టం కూడా కనపడదు. ఆ వాచ్‌మన్ ఒకడే కనపడతాడు.

సూపరింటెండెంటు: ఆ మాట ఒప్పుకుంటాను. ఇలాంటి ఇంట్లో అందరికన్నా తక్కువ జీతం, తక్కువ శిక్షణ ఉన్నవాళ్ళ చేతిలోనే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం పడుతుంది. కౌన్సెలర్ పగలు వస్తుంది. ఆపద రాత్రి వస్తుంది.

అక్క: ఇంకొకటి. సాయంత్రం ఆరు దాటితే గేటుకు తాళం. ఫోన్లు మీ బీరువాలో. బయటికి పోవాలంటే సంతకం. నేరం చేసింది మొగుడు, తాళంలో ఉండేది పెళ్ళామా? ఇది న్యాయమేనా?

సూపరింటెండెంటు: తాళం నాకేం ముచ్చట కాదు. పాళెం నించి ఒకమ్మాయి వస్తే ఆమె వెనకాల మొగుడొక్కడే రాడు. అత్తగారి తరఫువాళ్ళు, మేనమామలు, పాళెం పెద్దకాపులు, అందరూ కలిసి వస్తారు. "మా ఆడపిల్లను మాకప్పజెప్పండి, మా కట్టుబాటు మేం చూసుకుంటాం" అంటారు. ఆ వేళ గేటు తీసి ఉంటే ఆ గుంపు ముందు నిలబడేది ఎవరు? ఒక వంటమనిషి, ఒక వాచ్‌మన్. ఫోను కూడా అంతే. ఆమె ఎక్కడుందో పట్టించేది చాలాసార్లు ఆమె చేతిలోని ఫోనే.

అక్క: గుంపు వస్తుందని గేటు వేసుకో. దానికి నేనూ అడ్డం రాను. లోపలున్న మనిషి బయటికి పోకుండా వేసే తాళం గురించి మాట్లాడతా ఉండా. బీహార్‌లో ముజఫర్‌పూర్ గతేమయింది? టాటా ఇన్‌స్టిట్యూటు (టిస్) వాళ్ళు తనిఖీ చేసి 2018లో రిపోర్టు రాస్తేనే గదా ఆ ఆడపిల్లల హోములో ఏం జరిగిందో లోకానికి తెలిసింది. తాళం వేసి ఉన్నందుకు ఆ పిల్లలకు రక్షణ దొరకలా. తాళం వేసి ఉన్నందుకే వాళ్ళ కేకలు వీధిలోకి రాలా.

సూపరింటెండెంటు: ఆ కేసులో హోము నడిపినవాడికి 2020లో ఢిల్లీ కోర్టు జీవిత ఖైదు వేసింది. అంతకు చాలా ముందు, 1981లోనే, ఆగ్రా రక్షణ గృహంలో ఆడవాళ్ళ దుస్థితి మీద ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. కాబట్టి మూసిన ఇంటి ప్రమాదం నాకు తెలియక కాదు. అయితే నా చిక్కు మీరు వినాలి. ఇదివరకు స్వధార్ గృహ్ పథకం వేరు, ఉజ్జ్వల పథకం వేరు. మొదటిది కష్టాల్లో ఉన్న ఏ స్త్రీకైనా. రెండోది అక్రమ రవాణా నించి విడిపించినవాళ్ళకు. ఇప్పుడు కేంద్రం మిషన్ శక్తి కింద రెండూ కలిపి శక్తి సదన్ అన్నారు. అంటే తనంతట తాను నడిచొచ్చిన ఇల్లాలూ, కోర్టు ఉత్తర్వుతో పోలీసులు తెచ్చి అప్పజెప్పిన అమ్మాయీ ఒకే కప్పు కింద ఉండొచ్చు. రెండో ఆమె కనపడకపోతే నేను కోర్టుకు సమాధానం చెప్పుకోవాలి.

అక్క: అందుకని మొదటి ఆమెకు గూడా అదే తాళమా?

సూపరింటెండెంటు: కాకూడదు. 2022 మేలో సుప్రీంకోర్టు కూడా, ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో ఉంచేసిన వయోజన స్త్రీల కేసులు తిరగేసి, వాళ్ళను వదిలే పని కాలపరిమితిలో చూడమంది. కాబట్టి చేరిన రోజే ఇద్దరికీ వేరువేరు ఫైలు, వేరువేరు ప్రణాళిక ఉండాలి. తానుగా వచ్చినామె ఎప్పుడు వెళ్తానంటే అప్పుడు వెళ్ళొచ్చని రాతపూర్వకంగా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అక్కడిదాకా మీతో వస్తాను. అలాగని అందరికీ గేటు తెరిచి పెట్టమంటే రాను.

అక్క: సరే, గేటు సంగతి తర్వాత చూద్దాం. అసలు ఈ ఇల్లే ఎందుకు చెల్లెమ్మా? కొట్టినోడు ఇంట్లో కాళ్ళు చాపుకొని పడుకుంటాడు. దెబ్బలు తినింది పిల్లల్ని చంకన వేసుకొని ఊరు దాటాలా. ఆ గృహహింస చట్టంలోనే ఉండాది గదా, మొగుణ్ణే ఇంట్లోంచి పంపించమని మెజిస్ట్రేటు చెప్పొచ్చని.

సూపరింటెండెంటు: ఉంది. 19వ సెక్షన్. కలిసి కాపురమున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుందని 17వ సెక్షన్ చెబుతుంది.

అక్క: మరి ఇంకేం? 1992లో కలిగిరి కాడ దూబగుంటలో మేం ఇల్లు విడిచి పోయినామా? అక్షరదీపం వయోజన బడిలో రాత్రిపూట పాఠం చదువుకున్నాం. ఆడోళ్ళు ఒకటైతే ఏమవుతుందో ఆ పాఠంలో ఉండాది. పొద్దున్నే సారా అంగడి మీదికి పోయినాం. దూబగుంట వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలంపాటలు ఎన్నిసార్లు పెట్టినా జరగనియ్యలా. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో సారా పోయింది, అక్టోబరు 1న రాష్ట్రమంతా పోయింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకుంటా పొదుపులక్ష్మి సంఘాలు కట్టినాం. ఆడోళ్ళను ఊరవతల దాచి గెలిచింది కాదు అది. ఊళ్ళో నిలబెట్టి గెలిచింది.

సూపరింటెండెంటు: ఆ ఉద్యమం లేకపోతే నాలాంటిదాన్ని ఈ కుర్చీలో ఎవరూ కూర్చోబెట్టేవాళ్ళు కాదు. కానీ అక్కా, 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997కల్లా పోయింది. ఉద్యమానికి ఉధృతి ఉంటుంది, అది తగ్గే రోజూ ఉంటుంది. సారా అంగడి ఊరందరికీ శత్రువు. మొగుడు మాత్రం ఒక్కదానికే శత్రువు. మిగతా ఊరికి వాడు తమ్ముడో, అల్లుడో, పడవలో తోడొచ్చేవాడో. పట్టపుపాళెంలో సంఘం లీడరే వాడి పిన్ని అయితే ఆ అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క చూడండి. దేశంలో హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది. మిగతావాళ్ళు అడగను కూడా అడగలేదు. వాళ్ళకు ఊరి బయట ఒక గుమ్మం కావాలి.

అక్క: పాళెంలో అందరికందరూ చుట్టాలే. ఆ మాట కాదన్లేను.

సూపరింటెండెంటు: కోర్టు సంగతీ వినండి. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాయిదాలు మాత్రం ఆ లెక్క వినవు. హింసకు గురైన స్త్రీల కోసం పెట్టిన సఖి కేంద్రంలో అయిదు రోజుల దాకా ఉండనిస్తారు. ఆ ఆరో రోజు నించి ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఆమె ఎక్కడ పడుకోవాలి? ఈ ఇల్లు ఆ మధ్యకాలం కోసం.

అక్క: మధ్యకాలం అంటే ఒప్పుకుంటా. కానీ ఆ మధ్యకాలంలో ఏం నేర్పిస్తా ఉండారు? యాడికి పోయినా కుట్టుమిషనే. రెడీమేడ్ బట్టలు వచ్చినాక జాకెట్లు కుట్టి ఎంతమంది బతుకుతారు? ఈ తీరంలో డబ్బు యాడుంది? రొయ్యల గుంటల్లో, రొయ్యల ఫ్యాక్టరీల్లో, చేపల అమ్మకంలో, కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల. బయట బతుకు అట్టుంటే లోపల హెమ్మింగు నేర్పిస్తే ఏం లాభం?

సూపరింటెండెంటు: కుట్టుమిషను ఎందుకు వస్తుందో చెప్తాను. ఇంట్లోనే నేర్పొచ్చు, టీచరు ఒకరు చాలు, సర్టిఫికెట్టు ఇవ్వొచ్చు, ఫోటో తీసి రిపోర్టులో పెట్టొచ్చు. ఆడవాళ్ళ అవసరం చూసి పెట్టింది కాదు, మా సౌకర్యం చూసి పెట్టింది. కానీ రొయ్యల ఫ్యాక్టరీకి పంపాలంటే భయం నాకు. మేస్త్రీ బస్సులో తీసుకుపోతాడు. చలి గదుల్లో, ఐసు నీళ్ళలో గంటల తరబడి నిలబడాలి. జీతం మేస్త్రీ చేతి మీదుగా వస్తుంది. ఒక మగాడి చేతికింద నించి బయటపడ్డ మనిషిని ఇంకో మగాడి చేతికింద పెట్టినట్టవుతుంది.

అక్క: ఎట్టబడితే అట్ట పంపమన్లా, పంపే పద్ధతి చూడమంటా ఉండా. జీతం ఆమె బ్యాంకు ఖాతాలో పడాలని ఫ్యాక్టరీతో మాట్లాడు. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండాయా అడుగు. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గుర్ని కలిపి పంపించు. సముద్రం మీద వేట నిషేధం ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రోజులకు సర్కారు ఇచ్చే 20,000 రూపాయలు వేటకు పోయే మొగోడి ఖాతాలో పడతాయి. ఎండుచేపలు చేసి, తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్ళమ్మట తిరిగే ఆమెకు సొంత ఖాతానే ఉండదు. మొదటి వారంలోనే ఖాతా తెరిపియ్యి. దానికన్నా పెద్ద శిక్షణ లేదు.

సూపరింటెండెంటు: ఖాతా, ఆధార్, రేషను కార్డులో పేరు, పిల్లల బడి సర్టిఫికెట్టు. ఇవి నాలుగూ ముందు. పదో తరగతి ఆగిపోయినవాళ్ళకు ఓపెన్ స్కూలు. ఉచిత న్యాయ సహాయానికి ఆడవాళ్ళకు ఆదాయ పరిమితి లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే చాలు, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఇవన్నీ చేశాక ఎవరికి ఏ పని అని ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాలి. యానాది అమ్మాయికి, పట్టపు అమ్మాయికి, కావలి నించి వచ్చిన డిగ్రీ పిల్లకు ఒకే క్లాసు పెడితే ముగ్గురికీ పనికిరాదు.

అక్క: మీ కౌన్సెలింగ్ మీద గూడా ఒక మాట ఉండాది. ఊళ్ళో పెద్దమనుషులు చెప్పేదే ఇక్కడా చెప్తే ఎట్టా? "సర్దుకోమ్మా, పిల్లల మొహం చూడు." ఆ మాట వినీ వినీ విసిగే గదా ఇక్కడికొచ్చింది.

సూపరింటెండెంటు: అది కౌన్సెలింగ్ కాదు, పంచాయితీ. గృహహింస నియమాల ప్రకారమైతే కౌన్సెలింగ్‌లో భర్త తను కొట్టినదానికి సాకులు చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. రాజీ కుదిరినట్టు చూపిస్తే కేసు ముగిసినట్టు లెక్క, లెక్క బాగుంటే మంచి పేరు. ఆ ఒత్తిడి నా స్టాఫు మీద పడకుండా చూడటం నా బాధ్యత. ఎవరైనా తిరిగి వెళ్తానంటే తప్పు పట్టం. వెళ్ళేముందు మాత్రం ఆమె కౌన్సెలర్‌తో విడిగా కూర్చుని, ఇంకెవరూ వినకుండా, ఎందుకు వెళ్తోందో చెప్పాలి. వెళ్ళాక ఆపదొస్తే మహిళా హెల్ప్‌లైను 181కి ఫోను చేసే పద్ధతి ఆమెకు రావాలి. ఈ ఇంటి తలుపు మళ్ళీ తట్టొచ్చని తెలియాలి.

అక్క: ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా సంఘంలో బయటపడి నిలదొక్కుకున్నోళ్ళు ఉండారు. ఆ బాధ తెలిసినోళ్ళు. వాళ్ళను పన్లోకి తీసుకో. ఎంఎస్‌డబ్ల్యు చదివిన పిల్ల మంచిదే, కానీ పాళెం మాట అర్థం కావాలంటే ఎన్నేళ్ళు పడుతుంది?

సూపరింటెండెంటు: తీసుకుంటాను, కొన్ని షరతులతో. బయటపడిన వెంటనే కాదు. ఆమె గాయం మానకముందే ఇంకొకరి గాయం మీద కూర్చోబెడితే ఇద్దరూ కుంగిపోతారు. ముందు పగటి పనులు, తర్వాత శిక్షణ, ఆ తర్వాతే రాత్రి డ్యూటీ. తన ఊరి మనిషి కేసు ఆమె చేతిలో పెట్టను, ఎందుకంటే మాట పొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి, ఆమెకు ఇచ్చేది జీతమే గాని "సేవ చేస్తోంది" అని చేతిలో పెట్టే చిల్లర కాదు.

అక్క: ఆ చివరి మాట నీ స్టాఫుకు గూడా వర్తిస్తుందా?

సూపరింటెండెంటు: వర్తించాలి. వర్తించకపోవడమే అన్నిటికీ మూలం. శక్తి సదన్ పథకానికి డబ్బు 60 పాళ్ళు కేంద్రం, 40 పాళ్ళు రాష్ట్రం ఇవ్వాలి. వాయిదాలు ఆలస్యమైతే బియ్యం అంగడివాడు అప్పిస్తాడు. జీతం ఎవరూ అప్పివ్వరు. నెలల తరబడి జీతం లేని వార్డెన్ వేరే ఉద్యోగం దొరగ్గానే వెళ్ళిపోతుంది. ఆమెతోబాటే ఇంట్లో ఉన్నవాళ్ళ నమ్మకం కూడా పోతుంది. తన కథంతా ఒకరికి చెప్పుకున్న అమ్మాయి, కొత్తగా వచ్చినామెకు మళ్ళీ మొదటినించి చెప్పాలి. కౌన్సెలర్ ఒకర్ని వెంటబెట్టుకుని కోర్టుకెళ్తే ఆ రోజంతా ఇంట్లో కౌన్సెలర్ లేనట్టే. రాత్రంతా ఏడుపులు విన్న మనిషి పొద్దున వంటకు నిలబడుతుంది. అలా అలసిపోయిన మనిషి మంచిమాట చెప్పలేదు. కసురుతుంది. రూలు చూపిస్తుంది. తాళం వేస్తుంది.

అక్క: చూడు, నువ్వే చెప్పినావు. నీ తాళం మొగుళ్ళ భయంతో పడింది కాదు. మనుషులు చాలక పడింది.

సూపరింటెండెంటు: సగం అంతే. మిగతా సగం మొగుళ్ళ భయమే. ఆ సగాన్ని మీరు కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను.

అక్క: కొట్టిపారెయ్యను. కానీ మనుషులు పెరిగితే ఎంత తాళం పోతుందో చూద్దాం. రాత్రికి ఇద్దరు ఆడమనుషులుంటే?

సూపరింటెండెంటు: గేటు వాచ్‌మన్ చూస్తాడు, లోపల ఒకరు మేలుకుని ఉంటారు, ఇంకొకరు వచ్చినామెను ఆస్పత్రికి తీసుకెళ్తారు. అప్పుడు ఆరుకు వేసే తాళం అవసరం లేదు. షిఫ్టు నించి తొమ్మిదికి వచ్చే అమ్మాయికి తలుపు తీయొచ్చు. ఫోను కూడా బీరువాలో పెట్టక్కర్లేదు. కొత్త సిమ్ము ఇప్పించి, లొకేషన్ ఎలా ఆపాలో కూర్చోబెట్టి నేర్పే మనిషి ఉంటుంది. వారానికోసారి స్టాఫంతా కూర్చుని ఒక్కొక్కరి కేసు ఎంతవరకు వచ్చిందో మాట్లాడుకోవచ్చు. డ్యూటీ మారేటప్పుడు రాత్రి ఏం జరిగిందో రాసి అప్పజెప్పొచ్చు.

అక్క: మరి లోపల మనుషులే తప్పు చేస్తే?

సూపరింటెండెంటు: అది నేనే మీకు చెప్పాల్సిన మాట. ఇలాంటి ఇళ్ళలో సిబ్బంది పదిమంది కూడా ఉండరు. పదిమంది లేనిచోట పనిచేసే ఆడవాళ్ళకు వేధింపు ఎదురైతే అంతర్గత కమిటీ ఉండదు. 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ఆ సంగతి గోడ మీద రాసి పెట్టాలి. ఇంట్లో ఉన్నవాళ్ళ ఫిర్యాదుల పెట్టె తాళం నా దగ్గర ఉండకూడదు. నన్ను గురించి రాసిన చీటీ నేనే చదివితే అది ఫిర్యాదు ఎలా అవుతుంది?

అక్క: ఆ తాళం మా సంఘానికియ్యి. నెలకోసారి వస్తాం. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. నువ్వు పక్కన ఉండబాక.

సూపరింటెండెంటు: పై నించి అనుమతి తెచ్చుకుని అలాగే చేద్దాం. కానీ ఎవరున్నారో, ఏ ఊరివాళ్ళో బయట నోరు విప్పబోమని మీరంతా రాసివ్వాలి. ఈ జిల్లాలో ఆడవాళ్ళ కోసం సంస్థ పెట్టడం కొత్త కాదక్కా. పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆమె స్వాతంత్ర్య ఉద్యమం మనిషి, అయినా ఉద్యమంతో సరిపెట్టుకోలేదు, ఆడపిల్లలకొక బడి కట్టారు. ఆమె పోయి అరవయ్యేళ్ళు దాటినా ఆ పేరు నిలిచింది. ఉద్యమం తలుపు తెరుస్తుంది. ఆ తలుపును రోజూ తీసి పెట్టడానికి సంస్థ కావాలి.

అక్క: సంస్థ తనను తాను కాపాడుకునే పన్లో పడితే ఆ తలుపు మూసుకుంటుంది. అందుకే సంఘం కావాలా.

సూపరింటెండెంటు: రెండూ కావాలి. అయితే ఈసారి ప్రతిపాదన రాసేటప్పుడు ఇంకో పది మంచాలు అడగను. రాత్రికి ఇంకో మనిషిని అడుగుతాను. కోర్టు దారి ఖర్చు అడుగుతాను. జీతాలు ఆగకుండా మూడు నెలల మొత్తం ముందుగా ఉంచమని అడుగుతాను. ఇస్తారో లేదో గాని రాతలో ఉంటుంది.

అక్క: దాంతోపాటు రిజిస్టరులో మూడు గళ్ళు పెట్టు. ఈ ఇల్లు విడిచిన ఏడాదికి ఆ మనిషి యాడుండాది? ఆమె సంపాదన ఎవరి చేతిలో ఉండాది? మళ్ళీ దెబ్బ పడిందా? ఎన్ని మంచాలు నిండినాయన్న లెక్క నాకొద్దు. నిధులిచ్చేవాళ్ళు అడక్కపోయినా ఈ మూడూ రాయి.

సూపరింటెండెంటు: రాస్తాను. కానీ ఏడాది తర్వాత పాళేనికి వెళ్ళి, అత్తగారింటికి అనుమానం రాకుండా, ఆమెను పలకరించి వచ్చేంత స్టాఫు నాకు లేదు, ఉండదు కూడా. అది మీరు చెయ్యాలి. గేటు విషయంలో మాత్రం మన తగవు తీరలేదు. రెండో మనిషి వచ్చేదాకా రాత్రి తాళం తీయను.

అక్క: తీసేదాకా అడుగుతానే ఉంటా. ఆ ఏడాది తర్వాతి పని మాది. మాకిచ్చే పేర్లు మాత్రం కాగితం మీద రాయబాక, నోటితో చెప్పు.